తంతి తాతయ్య

ఈ పేజీ క్రమం తప్పకుండా చదివేవాళ్ళకి మా వారు కొత్త మనిషి కాదు. నేను ఆవకాయ గురించి రాసినా, అట్లతద్ది గురించి రాసినా ఎక్కడో ఒకచోట ఆయన దూరి, ఒక మాట అనేసి వెళ్ళిపోయేవారు. "నీ పేజీలో వంటలన్నీ నీవి, తిట్లన్నీ నాకు" అని ఆయనకి ఒక ఫిర్యాదు కూడా ఉండేది.

నిరుడు మాఘమాసంలో ఆయన వెళ్ళిపోయారు. ఎనభై రెండేళ్ళు నిండాయి. మొన్ననే సంవత్సరీకం కూడా జరిగింది. ఆయన గురించి రాయమని మీలో చాలామంది ఫోన్లు చేశారు, గుళ్ళో కనిపించినప్పుడు అడిగారు. కళ్ళనీళ్ళు పెట్టించే వ్యాసం మాత్రం రాయను. అది ఆయనకి నచ్చదు. ఆయన చేసిన ఉద్యోగం, వేసిన వేళాకోళాలు, మనవలకి వదిలి వెళ్ళిన ఆస్తి, ఈ మూడింటి గురించీ చెప్తాను. ఆస్తి అంటే కొన్ని అంకెలు. బ్యాంకు పుస్తకంలో అంకెలు అనుకునేరు, అవి కావు. చదువుతూ ఉండండి, మీకే తెలుస్తుంది.

పిల్లలూ, ముందు మీకు ఒక విషయం చెప్పాలి. ఇప్పుడు మీరు ఫోను తీసి నాలుగు అక్షరాలు కొడితే అవి బందరులో ఉన్న మామయ్యకి క్షణంలో చేరిపోతాయి. మా చిన్నప్పుడు అంత తొందరగా కబురు అందాలంటే ఒక్కటే దారి, టెలిగ్రాం. తెలుగులో తంతి అనేవాళ్ళం. తంతి అంటే తీగ. స్తంభాల మీద తీగలు లాగి, ఆ తీగలో కరెంటు పంపుతూ, ఆపుతూ చప్పుడు చేస్తే, అవతలి ఊళ్ళో కూర్చున్న మనిషి ఆ చప్పుడు విని అక్షరాలు రాసుకునేవాడు. పొట్టి చప్పుడు ఒక చుక్క, పొడుగు చప్పుడు ఒక గీత. ఇంగ్లీషులో తరచుగా వచ్చే 'ఇ' అక్షరానికి ఒక్క చుక్క, 'టి' అక్షరానికి ఒక్క గీత. అరుదుగా వచ్చే అక్షరాలకి పొడుగాటి వరసలు. దీన్ని మోర్స్ కోడ్ అంటారు. మన దేశంలో 1850లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ దాకా మొదటి తీగ వేశారు. మీ తాతయ్య బందరు తంతి ఆఫీసులో ఆ చప్పుళ్ళు వినే ఉద్యోగం చేశారు. చెవికి పని, చేతికి పని, నోటికి మాత్రం సెలవు. అందుకే ఇంటికి రాగానే ఆ నోరు బాకీ అంతా తీర్చుకునేది.

మా పెళ్ళిచూపులు 1970లో గుడివాడలో మా పుట్టింట్లో జరిగాయి. మా బామ్మకి చెముడు. పెళ్ళికొడుకు మేనమామ గొంతు సవరించుకుని, "అబ్బాయి తంతి శాఖలో పనిచేస్తున్నాడండీ" అన్నారు. మా బామ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమిటీ? తంతాడా?" అంది.

గదిలో ఎవరికీ నోట మాట లేదు. మా నాన్నగారి ముఖం ఎర్రబడింది. అప్పుడు పెళ్ళికొడుకు తల వంచుకునే, చాలా వినయంగా, "వారానికి ఆరు రోజులేనండీ బామ్మగారూ. ఆదివారం తన్నను" అన్నారు.

మా బామ్మకి ఈసారి మాత్రం బాగా వినపడింది. "అయితే ఆదివారం మా పిల్ల వంతు" అంది.

తలుపు చాటునుంచి నాకు నవ్వు ఆగలేదు. నేను నవ్వడం ఆయనకి వినపడింది. సంబంధం అక్కడే ఖాయమైందని ఆయన ఎప్పుడూ అనేవారు. యాభై అయిదేళ్ళ కాపురంలో ఆదివారం వచ్చినప్పుడల్లా పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూ, "ఇవాళ నీ వంతు కదూ" అని వీపు చూపించేవారు.

ఇక్కడ పుట్టిన పిల్లలకి ఒక సంగతి తెలియదు. ఆ రోజుల్లో ఇంటికి టెలిగ్రాం వచ్చిందంటే ముందు ఏడుపులు మొదలయ్యేవి, ఆ తర్వాతే కాగితం విప్పేవాళ్ళు. ఖర్చెక్కువ కాబట్టి మామూలు కబుర్లు ఎవరూ తంతిలో పంపరు. చావు కబురో, సీరియస్ అనో వచ్చేది. ఉద్యోగం వచ్చిందనీ, మనవడు పుట్టాడనీ కూడా వచ్చేవి, కానీ ఖాకీ బట్టల మనిషిని చూడగానే ఆ మాట ఎవరికీ గుర్తుండేది కాదు.

మా వారికి ఇది బాధగా ఉండేది. మంచి కబురు కూడా ఒక్క నిమిషం చావు కబురులా భయపెట్టడం అన్యాయం అనేవారు. టెలిగ్రాంలో ఏముందో అందించే మనిషి పైకి చెప్పకూడదు, అది రూలు. అందుకని టెలిగ్రాములు పంచే కుర్రాడికి ఆయన ఒక ఉపాయం నేర్పారు. "ఒరే అబ్బాయ్, శుభవార్త అయితే వీధి మొదట్నుంచీ సైకిలు బెల్లు గణగణా మోగించుకుంటూ వెళ్ళు. కాకపోతే బెల్లు ముట్టుకోకు. నాలుగిళ్ళ అవతలే దిగి, నడిచి వెళ్ళి, ఇంట్లో గుండె గట్టివాళ్ళెవరో చూసి వాళ్ళ చేతికివ్వు. నోటితో చెప్పకూడదన్నారు గానీ బెల్లు కొట్టకూడదని ఏ రూల్లోనూ లేదు."

కొన్నాళ్ళకి బుట్టాయిపేట వాళ్ళకి సంగతి అర్థమైంది. బెల్లు వినపడితే జనం నవ్వు ముఖాలతో అరుగుల మీదకి వచ్చేసేవాళ్ళు. ఎవరి ఇంటి ముందు ఆగుతుందా అని ఎదురుచూసేవాళ్ళు. ఆ కుర్రాడికి బందరు లడ్డూలు పెట్టి పంపేవాళ్ళు. "కష్టం వాడిది, ఐడియా నాది, లడ్డూ మాత్రం వాడికి" అని మా వారు వాపోయేవారు.

ఇంత నవ్వించే మనిషి నెలల తరబడి నవ్వని కాలం ఒకటి ఉంది. దివిసీమ ఉప్పెన. 1977 నవంబరు 19. కృష్ణా జిల్లా వాళ్ళకి ఆ తేదీ వేరే చెప్పక్కర్లేదు. సముద్రం లేచి ఊళ్ళ మీదకి వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. బందరులో కూడా గాలికి చెట్లు, స్తంభాలు, పైకప్పులు పడిపోయాయి. తీగలన్నీ తెగిపోయాయి. కొన్ని ఊళ్ళు ఉన్నాయో లేవో కూడా బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు.

మా అమ్మాయి అప్పుడు చంటిపిల్ల. నన్నూ పిల్లనీ పక్కింటివాళ్ళకి అప్పజెప్పి ఆయన లైనుమెన్లతో కలిసి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వైపు వెళ్ళారు. ఎన్నో రోజులకి గాని ఇంటికి రాలేదు. వచ్చాక ఏం చూశారో చెప్పలేదు. నేనూ అడగలేదు. తీగలు మళ్ళీ కలిశాక మాత్రం పొద్దున్నుంచి రాత్రి దాకా ఆయన చేతి మీదుగా వెళ్ళిన మాట ఒక్కటే, క్షేమం. ఫలానా వాళ్ళు క్షేమం, ఫలానా వాళ్ళు క్షేమం. రాయడం రానివాళ్ళకి ఫారాలు ఆయనే రాసిపెట్టేవారు. కొందరు వచ్చి నిలబడేవాళ్ళట. ఏం పంపాలో చెప్పలేక వెళ్ళిపోయేవాళ్ళట.

ఒకరోజు ఒక ముసలమ్మ వచ్చింది. కొడుకు బొంబాయిలో పని చేస్తున్నాడు. "అమ్మ క్షేమం" అని మా వారు ఫారం మీద రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపిందట. "ముందు గేదె బతికుందని రాయి నాయనా. నేను బతికున్నానంటే వాడు నమ్మడు, ఊరడించడానికి ఎవరో రాశారనుకుంటాడు. గేదె సంగతి ఉంటే అది నేను చెప్పిన మాటేనని తెలుస్తుంది." మాటకింత అని డబ్బులు, ఆమె దగ్గర అంత లేదు. "గేదె ఖర్చు నాది" అని మా వారు జేబులోంచి వేసి పంపారు.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తూ చాలా రోజుల తర్వాత నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. "చూశావా, మనిషి బతికున్నట్టు గుర్తు వాడి మాటల్లో ఉంటుంది. క్షేమం అని ఎవడైనా రాస్తాడు. గేదె సంగతి ఆవిడే రాయించాలి" అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు. ఈ వ్యాసం చివర మళ్ళీ దానితో పని ఉంది.

ఇప్పుడు ఆస్తి సంగతి. తంతి శాఖ వాళ్ళు పండగలకీ పెళ్ళిళ్ళకీ పంపే శుభాకాంక్షలకి వాక్యాలు ముందే తయారుచేసి, ఒక్కో వాక్యానికి ఒక్కో అంకె పెట్టారు. దీపావళికి ఒక అంకె, పెళ్ళికి ఒకటి, పరీక్ష పాసైనందుకు ఇంకొకటి. మీరు అంకె చెప్తే చాలు, అవతలి ఊళ్ళో పూర్తి వాక్యం రాసి అందజేస్తారు. మా వారు ఈ పద్ధతిని కాపురానికి తెచ్చారు. మా ఇంటి అంకెలు ఇవీ:

ఒకటి: కాఫీ కావాలి.
రెండు: ఇక బయల్దేరదామా? (పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఉపన్యాసాల్లో వాడేది.)
మూడు: కూరలో ఉప్పెక్కువైంది, ఎవరూ పైకి అనకండి.
అయిదు: చుట్టాలు వస్తున్నారు, జంతికల డబ్బా దాచండి.
ఎనిమిది: అందరం క్షేమం, కంగారు పడొద్దు.

నాలుగు చాలా ఏళ్ళు ఖాళీగా ఉండిపోయింది. దాన్ని మా మనవరాలు పూర్తిచేసింది. ఏడేళ్ళప్పుడు తాతయ్య కథ మొదలుపెట్టగానే, "నాలుగు!" అంది. అంటే ఏమిటే అంటే, "ఈ కథ ముందే చెప్పావు" అంది. ఆయన ఏమాత్రం తొణక్కుండా, "నిజమే, కానీ ఈసారి ముగింపు మారింది" అని కొనసాగించారు. ముగింపు మారలేదు. అయినా పిల్ల చివరిదాకా వింది.

ఎనిమిది ఒకసారి మమ్మల్ని చిక్కుల్లో పెట్టింది. ఆయనకి ఇక్కడ మోకాలి ఆపరేషను అయింది. నర్సమ్మ వచ్చి, నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత ఉందని అడిగింది. నేను కంగారుగా చూస్తున్నానని ఆయన నా వైపు తిరిగి ధైర్యం చెప్పడానికి, "ఎయిట్" అన్నారు. ఆవిడ హడావిడిగా వెళ్ళి ఇంకో నర్సుని పిలుచుకొచ్చింది. మా అమ్మాయి వచ్చి మా ఇంటి లెక్క వేరని వివరించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. "మరి అసలు నొప్పి ఎంత?" అని నర్సమ్మ మళ్ళీ అడిగితే, "మూడు" అన్నారు. మా అమ్మాయి అనుమానంగా, "నాన్నా, ఇది ఆస్పత్రి మూడా, కూరలో ఉప్పా?" అంది. పక్క మంచం మీద పేషెంటు కూడా మాతో పాటు నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

మా అమ్మాయి వాళ్ళు న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఇల్లు కొన్నారని తెలిసినప్పుడు ఆయన సంబరం చూడాలి. అందరూ ఓక్ ట్రీ రోడ్డులో దొరికే కూరగాయలూ, బ్రిడ్జివాటర్ గుడీ చూసి సంతోషిస్తే ఈయనకి ఆ ఊరి పేరు చాలు. థామస్ ఎడిసన్ కుర్రతనంలో టెలిగ్రాఫ్ ఆపరేటరు. ఆయన ప్రయోగశాల ఉన్న మెన్లో పార్క్ ఈ ఊళ్ళోనే ఉంది. 1954లో ఆయన పేరే ఊరికి పెట్టారు. తన మొదటి ఇద్దరు పిల్లల్నీ ఎడిసన్ ముద్దుగా డాట్, డ్యాష్ అని పిలిచేవాడు. అంటే చుక్క, గీత.

ఇంకేం, మా మనవరాలు 'చుక్క' అయింది. చుక్క అంటే నక్షత్రం కూడా కాబట్టి దానికి నచ్చింది. మనవడు 'గీత' అయ్యాడు. వాడు లబోదిబోమన్నాడు. "తాతయ్యా, గీత అమ్మాయి పేరు! మా క్లాసులో ఒక గీత ఉంది!" అని. "నువ్వు ఆ గీతవి కాదురా, నా తలగీతవి" అని ఈయన వాడి నుదుటి మీద వేలితో గీసి చూపించారు. తలగీత అంటే ఏమిటో వాడికి చెప్పడానికి మాకు అరగంట పట్టింది. తెలిసిన తర్వాత వాడు ఇంకా గట్టిగా పోట్లాడాడు.

ఇక్కడికి కార్లో గంటలోపే మోరిస్‌టౌన్‌లో స్పీడ్‌వెల్ అనే చోటు ఉంది. మీలో ఎంతమంది చూశారో తెలియదు గాని, పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి. శామ్యూల్ మోర్స్, ఆల్ఫ్రెడ్ వెయిల్ కలిసి తమ టెలిగ్రాఫ్‌ని 1838 జనవరిలో మొదటిసారి జనానికి చూపించింది అక్కడే. ఒక ఫ్యాక్టరీ భవనంలో రెండు మైళ్ళ తీగ చుట్టి కబురు పంపారు. మా వారు గుమ్మం ముందే చెప్పులు విప్పేశారు. అక్కడి గైడు తెల్లబోతే మా మనవడు, "ఇది మా తాతయ్యకి గుడి" అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు.

ఆ రోజు మోర్స్ వాళ్ళు పంపిన మాటకి అర్థం ఏమిటో తెలుసా? ఓపిగ్గా ఎదురుచూసేవాడికి నష్టం లేదని. అది చదివి మా వారు నా వైపు తిరిగి, "నా భోజనం వేళల గురించి వీళ్ళకి 1838లోనే తెలిసింది. నీ గురించే రాశారు" అన్నారు.

మన దేశంలో టెలిగ్రాం 2013 జులైతో ఆగిపోయింది. ఆఖరి రోజు జులై 14, ఆదివారం. మేము ఇక్కడికి వచ్చి స్థిరపడింది ఆ మరుసటి ఏడు. అప్పటికి ఆయన రిటైరై పదేళ్ళు దాటింది. పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బస్సెక్కి బెజవాడ వెళ్ళి క్యూలో నిలబడి ఒక టెలిగ్రాం ఇచ్చి వచ్చారు. ఎవరికో చెప్పలేదు. రెండు రోజుల తర్వాత అది మా ఇంటికే వచ్చింది, నా పేరు మీద. "భోజనానికి వస్తున్నాను. ఎనిమిది." ఇదీ సారాంశం. తెచ్చిన మనిషి మోటారు సైకిలు మీద వస్తే మా వారు గేటు దగ్గరే ఆపి, "ఒక్కసారి హారను కొట్టి లోపలికి రా నాయనా" అన్నారు. ఆ తర్వాత వంటింట్లోకి వచ్చి, "ఏమోయ్, టెలిగ్రాం అందిందిగా, వడ్డించు" అన్నారు. అప్పటికి ఆయన భోంచేసి గంట అయింది. మళ్ళీ వడ్డించాను. మళ్ళీ తిన్నారు.

ఇక్కడి చలికాలం ఆయనకి పడేది కాదు, కాని దాన్ని కూడా వదల్లేదు. మొదటిసారి మంచు కురిసినప్పుడు మా అల్లుడు గారు ఇంటి ముందు ఉప్పు చల్లుతుంటే కిటికీలోంచి చూసి, "ఉప్పు సరే, బాబూ. కారం, ఆవపిండి ఎప్పుడు కలుపుతారు?" అని అడిగారు. ఇప్పటికీ మంచు పడితే మా అల్లుడు గారు ఉప్పు బస్తా ఎత్తుతూ, "అత్తయ్యగారూ, ఆవకాయకి వేళయింది" అంటారు.

చివరి రోజుల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అంత మాటకారికి అది పెద్ద శిక్ష. కుడి చెయ్యి కదిలేది. నేను మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే వేలితో నా మణికట్టు మీద తట్టేవారు. ఒకసారి తడితే కాఫీ అనుకుని చెంచాతో తడిపేదాన్ని. ఎడిసన్ తన రెండో భార్యని పెళ్ళి చేసుకుంటావా అని అడిగింది ఇలా చేతి మీద తట్టేనట, ఆయనే చెప్పుకున్నాడు. మా వారు అది చదివి ఒకప్పుడు నన్ను ఆటపట్టించేవారు, "వాడు పెళ్ళి అడిగాడు, నేను కాఫీ అడుగుతున్నాను, నాదే న్యాయమైన కోరిక" అని.

ఒక సాయంత్రం రెండుసార్లు తట్టారు. నేను అర్థం కానట్టు ఊరుకున్నాను. మళ్ళీ రెండుసార్లు. ఇక బయల్దేరదామా. పెళ్ళిళ్ళలో ఆయన ఇలా తట్టినప్పుడు నేనెప్పుడూ చెప్పే జవాబు ఒకటుంది. అదే చెప్పాను. "ఉండండి, భోజనాలు కానివ్వండి." పెదవి ఒక పక్క కొంచెం కదిలింది. ఆయన నవ్వు నాకు తెలుసు. మూడో రోజు తెల్లవారుజామున వెళ్ళిపోయారు.

ఇప్పుడు నేను మీతో అసలు మాట్లాడాలనుకున్న సంగతికి వస్తాను.

పన్నెండో రోజు దాటాక మన అసోసియేషన్ మిత్రులు ఒక హాల్లో సంతాపసభ ఏర్పాటు చేశారు. సభ అనకూడదు, అందరూ ఆయన జోకులే చెప్పుకున్నారు. మా మనవడు, అదే 'గీత', ఇప్పుడు కాలేజీ చదువుతున్నాడు. వాడు కూడా మాట్లాడతానన్నాడు. ముందురోజు రాత్రి ఇంగ్లీషులో రాసుకుంటున్నాడు. పెళ్ళిచూపుల కథ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. తంతి అన్నా తంతాడన్నా ఇంగ్లీషులో రెండు వేరు వేరు మాటలు. మా బామ్మ చెముడు అక్కడ పనికిరాదు. ముందు వివరించి తర్వాత చెప్తే నవ్వు రాదు. చెప్పి తర్వాత వివరిస్తే పాఠం అవుతుంది. నాలుగు రకాలుగా రాసి చూశాడు, కొట్టేశాడు. వాళ్ళ అమ్మ, "పోనీ ఆ ముక్క వదిలెయ్యరా" అంది. వాడు చాలాసేపు కూర్చుని, "అది వదిలేస్తే తాతయ్య ఎక్కడున్నారు ఇందులో? మిగిలిందంతా ఎవరి తాతయ్య గురించైనా చెప్పచ్చు" అన్నాడు.

నాకు వెంటనే దివిసీమ ముసలమ్మ గుర్తొచ్చింది. క్షేమం అని ఎవడైనా రాస్తాడు. గేదె సంగతి ఆవిడే రాయించాలి.

మర్నాడు వాడు మైకు ముందు నిలబడి ఆ కథ తెలుగులోనే చెప్పాడు. 'తంతి'ని 'టంటి' అన్నాడు. 'వినయంగా' దగ్గర నాలిక మెలిపడింది. "అయితే ఆదివారం మా పిల్ల వంటు" అనేసరికి పెద్దవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు. నేనూ నవ్వాను, ఆయన పోయిన తర్వాత మొదటిసారి. కాని వెనక వరసల్లో కూర్చున్న పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు నవ్వుతున్నారు, వాళ్ళకి ఎందుకో తెలియదు. హాలు అక్కడ రెండు ముక్కలైంది. ఆ పిల్లలందరికీ కూడా ఎవరో ఒక తాతయ్య ఉన్నారు, గుంటూరులోనో, వరంగల్‌లోనో, ఇక్కడే కింద గదిలోనో. ఆ తాతయ్యల దగ్గర కూడా ఇలాంటి కథలు ఉన్నాయి.

మనబడికి పంపిస్తున్నాం, అక్షరాలు నేర్పిస్తున్నాం. మంచిదే, పంపించండి. కాని నవ్వు బళ్ళో నేర్పేది కాదు. తాతయ్య వేళాకోళం తాతయ్య దగ్గరే నేర్చుకోవాలి. మేమేం సలహాలిచ్చేవాళ్ళం కాదుగాని, మా ఇంట్లో పనికొచ్చిన మూడు సంగతులు చెప్తాను.

ఒకటి. పెద్దవాళ్ళ మాటలు ఫోనులో రికార్డు చెయ్యండి, కాని ఇంటర్వ్యూ చెయ్యకండి. కెమెరా ఎదురుగా పెట్టి "మీ జీవితం గురించి చెప్పండి" అంటే ఎంత మాటకారి అయినా బిగుసుకుపోతారు. కూర తరుగుతున్నప్పుడో, కార్లో వెళ్తున్నప్పుడో కదిలించండి. మా మనవరాలి దగ్గర ఉన్న రికార్డుల్లో సగం చిక్కుడుకాయలు వలుస్తూ చెప్పినవే. వెనక ఈనెలు తీసిన చప్పుడు కూడా వినిపిస్తుంది.

రెండు. వాళ్ళు చేసిన పని గురించి అడగండి. ఏ ఊళ్ళో పుట్టావు, ఎంతమంది అన్నదమ్ములు అని మాత్రమే కాదు. పొద్దున్న ఆఫీసుకి వెళ్ళగానే మొదట ఏం చేసేవాడివి, ఎవరు తిట్టేవాళ్ళు, ఏ పనికి విసుగొచ్చేది అని అడగండి. పొలం చేసినవాళ్ళనీ, బడిలో చెప్పినవాళ్ళనీ, వంటింట్లోనే జీవితం గడిపినవాళ్ళనీ కూడా అడగండి. సైకిలు బెల్లు కథ మా అమ్మాయికే నలభై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు. ఎవరూ అడగలేదు మరి.

మూడు. పిల్లలూ, ఇది మీకు. తాతయ్య చెప్పిన మాట ఆయన అన్నది అన్నట్టు తెలుగులో రాసుకోండి. అక్షరదోషాలు ఉంటే ఉండనీ. అర్థం తర్వాత అడగచ్చు. మాట పోతే మళ్ళీ రాదు. ఇంకో సంగతి, చెప్పిన కథే మళ్ళీ చెప్తే "నాలుగు" అనండి, కాని వినండి. ముగింపు మారిందేమో ఎవరికి తెలుసు?

మా ఇంట్లో అంకెలు ఇంకా నడుస్తున్నాయి. మా మనవరాలికి దూరంగా ఉద్యోగం వచ్చింది. విమానం దిగగానే ఫోనులో ఒక్క అంకె వస్తుంది, 8. అది చూసి మా అమ్మాయి ఊపిరి పీల్చుకుంటుంది. మొన్న ఒక పెళ్ళిలో ఉపన్యాసాలు మరీ ఎక్కువయ్యాయి. పక్కన కూర్చున్న మనవడు నా చేతి మీద రెండుసార్లు తట్టాడు. భోజనాలు కానివ్వరా అన్నాను.

ఈసారి ఈ పేజీలో వంట లేదు. వచ్చే సంచికలో జంతికల గురించి రాస్తాను, అయిదో నంబరు ఎందుకు పుట్టిందో అప్పుడు చెప్తాను. మీ ఇంట్లో తాతయ్యలూ అమ్మమ్మలూ బామ్మలూ వాడే మాటలేమైనా ఉంటే, ఇంగ్లీషులోకి దిగనివి, రాసి పంపండి. అందరికీ వినిపిద్దాం.

ఉంటాను మరి. ఎనిమిది.